కారులో ధ్వనివర్ధకానికి తగిన చోటు

ఇంట్లోకి రేడియో వచ్చిన నాడు దాన్ని ఎక్కడ ఉంచాలా అని ఇంటిల్లిపాదీ ఆలోచించడం మనం ఎరిగినదే. కిటికీ పక్కన పెడితే వానజల్లు పడుతుంది. వంటింటికి దగ్గరగా ఉంటే పొగ పట్టుతుంది. నేలమీద ఉంచితే పిల్లల చేతికి అందుతుంది. చివరకు గోడబల్ల మీదనో, బీరువా నెత్తినో దానికొక స్థానం కుదురుతుంది. కారులో అమర్చుకునే యాంప్లిఫయరు విషయంలో మాత్రం ఇంతటి విచారణ సాధారణంగా జరగదు. “ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టండి” అని మెకానిక్కుతో చెప్పి, మనం టీ తాగడానికి వెళ్తాము. ఆ ఒక్క మాట ఎన్ని చిక్కులు తెచ్చిపెట్టగలదో నాకు స్వానుభవం మీద తెలిసింది. ఆ సంగతులే ఇక్కడ మనవి చేస్తాను.

యాంప్లిఫయరు అనగా ధ్వనివర్ధకం. కారు రేడియో సెట్టునుంచి వచ్చే సన్నని విద్యుత్సంకేతాన్ని, స్పీకర్లను బలంగా కదిలించగల ప్రవాహంగా పెంచడం దాని పని. సెట్టులోనే ఒక చిన్న ధ్వనివర్ధకం ఇమిడి ఉంటుంది. కాని దానినుంచి ఒక్కొక్క స్పీకరుకు నిలకడగా అందే శక్తి సాధారణంగా సుమారు 20 వాట్లకు మించదు. రోడ్డు రొదను, ఇంజను మ్రోతను దాటి స్వరం నిండుగా వినబడాలని కోరేవారు వేరొక పెట్టెను కొని తగిలిస్తారు. చోటు వెదకవలసింది ఆ పెట్టెకే.

ఈ వెదుకులాట కారు రేడియో పుట్టినప్పటినుంచీ ఉన్నదే. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు ‘మోటరోలా’ పేరుతో కారు రేడియోను విపణికి తెచ్చారు. ఆ కాలపు సెట్లు వాల్వులతో పనిచేసేవి. వాల్వులకు కావలసిన హెచ్చు వోల్టేజిని కారు బ్యాటరీ నేరుగా ఇవ్వలేదు గనుక, తొలినాళ్లలో వేరే బ్యాటరీలను కూడా కారులో అమర్చవలసి వచ్చేది. 1932లో జర్మనీలో బ్లాపుంక్ట్ సంస్థ తెచ్చిన సెట్టు ముందు పలకలో ఇమడనంత పెద్దది. అందుచేత సెట్టును వేరొకచోట ఉంచి, దాన్ని నడిపే మీటలను స్టీరింగు కడ్డీ దగ్గర బిగించారు. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి సెట్టు చిన్నదయింది. అయినా అధికశక్తినిచ్చే భాగానికి ప్రత్యేకంగా చోటు చూడవలసిన అవసరం నేటికీ తీరలేదు.

ఇక నా అనుభవం. కొన్నేళ్ల క్రిందట మే నెలలో కుటుంబసమేతంగా గుంటూరు నుంచి శ్రీశైలం బయలుదేరాము. ప్రయాణానికి ముందురోజే కారులో కొత్త ధ్వనివర్ధకం పెట్టించాను. వినుకొండ చేరేసరికి పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. అరగంట తరువాత దానంతట అదే మళ్లీ వచ్చింది. దోర్నాల దాటి ఘాటు ఎక్కుతూండగా రెండోసారి ఆగింది. ఈసారి రబ్బరు కమిలిన వాసన కూడా వచ్చింది. కారు ఆపి వెదికితే, ముందు ఎడమ సీటు క్రింద తివాసీ కప్పి ఉంచిన పెట్టె ముట్టుకోరానంత వేడిగా ఉన్నది. దానికి వచ్చే బ్యాటరీ వైరు సీటు జరిగే పట్టా క్రింద నలిగి, పై తొడుగు చిట్లి, లోపలి రాగి మెరుస్తున్నది. బ్యాటరీ దగ్గర చూస్తే ఫ్యూజే లేదు. ఆ సీటులో కూర్చున్నది మా అమ్మ.

ఆనాడు ప్రమాదం తప్పింది. పాట ఎందుకు ఆగిందో మాత్రం తరువాత గాని అర్థం కాలేదు. ఏ ధ్వనివర్ధకమూ తాను పుచ్చుకున్న విద్యుత్తునంతటినీ స్పీకర్లకు అందించలేదు. మిగిలినది వేడిగా మారుతుంది. 400 వాట్లనిచ్చే పెట్టెను ఉదాహరణగా తీసుకుందాం. ‘ఏబీ’ తరగతికి చెందిన పాత పద్ధతి పెట్టె నూటికి 60 పాళ్లు మాత్రమే ధ్వనికి వినియోగిస్తుందనుకుంటే, పూర్తి శక్తితో పనిచేసేటప్పుడు అది సుమారు 667 వాట్లు లాగుతుంది. అందులో 267 వాట్లు వేడి రూపాన వెలువడుతాయి. ‘డీ’ తరగతికి చెందిన కొత్త పద్ధతి పెట్టె నూటికి 85 పాళ్లు వినియోగిస్తుందనుకుంటే, వెలువడే వేడి 70 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. సంగీతం ఎల్లవేళలా పూర్తిస్థాయిలో మ్రోగదు కాబట్టి నిజానికి వేడి ఇంతకంటె తక్కువే. అయినా మన ఎండలను మరువరాదు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలకు చేరడం వింత కాదు. అటువంటి చోట తివాసీ కప్పుకొని కూర్చున్న పెట్టె తన వేడిని ఎవరికి అప్పగించగలదు? హద్దు మీరగానే లోపలి రక్షణ ఏర్పాటు దాన్ని ఆపివేస్తుంది. చల్లబడిన తరువాత మళ్లీ పలుకుతుంది. మాకు వినుకొండలో జరిగినది అదే.

కనుక చోటు ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది గాలి. పెట్టెకు చుట్టూ రెండేసి అంగుళాల ఖాళీ ఉండాలి. దాని వీపున కనిపించే లోహపు రెక్కలు వేడిని వెదజల్లడానికే ఉన్నవి. వాటిమీద గుడ్డలు, సంచులు పడకూడదు. నిలువుగా బిగించేటప్పుడు రెక్కల సందులు క్రిందినుంచి పైకి సాగేటట్లు ఉంచితే, వేడెక్కిన గాలి సులభంగా పైకి పోతుంది. పెట్టెను తలక్రిందులుగా వ్రేలాడదీయడం మంచిది కాదు. పైకి పోవలసిన వేడి లోపలి భాగాలకే తిరిగి తగులుతుంది. రెండవది నీరు. మూడవది అదురు. ఈ మూడింటినీ దృష్టిలో ఉంచుకుని ఒక్కొక్క చోటునూ పరిశీలిద్దాం.

ఇంజను గది ఎంతమాత్రమూ పనికిరాదు. అక్కడ వేడి, నీరు, అదురు మూడూ ఉన్నవి. వెనుక అద్దం క్రిందనున్న అరమీద ఎండ నేరుగా పడుతుంది గనుక అదీ తగదు. సీటు క్రింద స్థలం చిన్న ‘డీ’ తరగతి పెట్టెలకు అనుకూలమే. అయితే సీటును ముందుకూ వెనుకకూ పూర్తిగా జరిపి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. వానాకాలంలో తడికాళ్లతో ఎక్కినప్పుడు నేల చెమ్మగిల్లుతుంది. ఏ.సి. నీటిగొట్టం పూడుకుపోయినా నీరు లోపలికే కారుతుంది. కాబట్టి పెట్టెను నేలకు ఆనించక, బ్రాకెట్ల మీద కొంచెం ఎత్తుగా నిలపాలి. సీటు క్రింద కనిపించే పసుపుపచ్చని వైర్ల జోలికి పోరాదు. అవి ప్రమాదసమయంలో మనలను కాపాడే ఎయిర్‌బ్యాగులకు, సీటు బెల్టులకు సంబంధించినవి.

డిక్కీలో స్థలం ఎక్కువ. పెద్ద పెట్టెలకు అదే తగినది. అందులోనూ తారతమ్యాలున్నవి. స్టెప్నీ గుంటలో పెడితే, డిక్కీ తలుపు రబ్బరు వదులైననాడు వాననీరు అక్కడికే చేరుతుంది. చక్రం పంక్చరైనప్పుడు స్టెప్నీని బయటకు తీయడమూ కష్టమవుతుంది. బాస్ స్పీకరు పెట్టెమీదనే బిగించడం చూపుకు ముచ్చటగా ఉంటుంది. కాని ఎడతెగని అదురుకు స్క్రూలు వదులవుతాయి, లోపలి టంకపు అతుకులు బీటలు వారుతాయి. సి.ఎన్.జి. సిలిండరున్న కార్లలో ఆ సిలిండరుకు గాని, దాని బిగింపులకు గాని ఏ వస్తువునూ తగిలించకూడదు. డిక్కీ పక్కగోడకు గాని, వెనుక సీటు వీపుకు గాని ప్లైవుడ్ పలకను గట్టిగా బిగించి, ఆ పలకమీద ధ్వనివర్ధకాన్ని నిలపడం చాలా కార్లకు సరిపోయే పద్ధతి. బిగింపు మాత్రం దృఢంగా ఉండాలి. అకస్మాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఊడివచ్చే లోహపు పెట్టె రాయితో సమానం.

రేకుకు రంధ్రం వేయించవలసి వస్తే, అవతల ఏమున్నదో ముందు చూపించుకోవాలి. చాలా కార్లలో వెనుక సీటు క్రిందనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు నేల క్రిందుగానే సాగుతాయి. విద్యుత్తుతో నడిచే కార్లలోను, హైబ్రిడ్ కార్లలోను నారింజరంగు తొడుగుతో పోయే తీగలలో ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉంటుంది. అటువంటి కార్లలో తయారీదారు సూచన లేనిదే నేలకు రంధ్రం వేయనే కూడదు.

చోటు కుదిరిన తరువాత దానివరకు వచ్చే తీగ సంగతి చూడాలి. పైన చెప్పిన ‘ఏబీ’ తరగతి పెట్టె 13.8 వోల్టుల వద్ద సుమారు 48 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ముందుభాగాన, పెట్టె డిక్కీలో ఉంటే వైరు పొడవు అయిదు మీటర్లయినా ఉంటుంది. 8 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో ఆ దూరానికి అర వోల్టు నష్టమవుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం అందులో సగమే. అంగడిలో రాగిపూత పూసిన అల్యూమినియం తీగ కూడా రాగితీగ వలెనే కనిపిస్తుంది. దాని నిరోధం రాగికంటె ఎక్కువ గనుక, వైరు కొస గీకి చూసి కొనడం మంచిది.

బ్యాటరీ నుంచి ఒకటిన్నర అడుగుల లోపల ఫ్యూజు ఉండితీరాలి. పెట్టెమీద ఎలాగూ ఫ్యూజు ఉన్నది కదా అని కొందరంటారు. అది పెట్టెను కాపాడుతుందే గాని, బ్యాటరీ నుంచి అక్కడివరకు వచ్చే వైరును కాపాడలేదు. వైరు మధ్యలో ఎక్కడ నలిగి కారు రేకుకు తగిలినా, బ్యాటరీ తన ప్రవాహాన్నంతటినీ ఆ చోట కుమ్మరిస్తుంది. వైరు ఎర్రగా కాలి, తివాసీ అంటుకుంటుంది. మా ప్రయాణంలో తప్పిపోయినది ఈ ప్రమాదమే. ఇంజను గది రేకుగోడను దాటేచోట వైరుకు రబ్బరు బుష్ వేయించాలి. ఎర్తు తీగ ఒకటిన్నర అడుగులకు మించకుండా, రంగు గీకిన శుభ్రమైన లోహానికి బోల్టుతో బిగించాలి.

సంకేతం తెచ్చే తీగలను బ్యాటరీ వైరు పక్కన నడపక, కారుకు రెండవవైపుగా తీసుకుపోవాలి. లేకున్నచో ఇంజను వేగంతోపాటు హెచ్చుతూ తగ్గుతూ ఒక కూత పాటలో కలుస్తుంది. రేడియో శ్రోతలు మరొక మాట గుర్తుంచుకోవాలి. ‘డీ’ తరగతి పెట్టెలలో విద్యుత్తు అతివేగంగా ఆగుతూ సాగుతూ ఉంటుంది. దానినుంచి వెలువడే రొద మీడియం వేవ్ ప్రసారాలకు అడ్డు తగలవచ్చును. కనుక ఏరియల్‌కూ, దాని తీగకూ పెట్టెను వీలైనంత దూరంగా ఉంచాలి.

పని ముగిసిన తరువాత అరగంటసేపు పాట పెట్టి, పెట్టెమీద చేయి ఉంచి చూడండి. వెచ్చగా ఉండడం సహజం. చేయి నిలపలేకపోతే గాలి చాలడం లేదన్నమాట. నెల తిరిగిన తరువాత స్క్రూలను, ఎర్తు బోల్టును మరొకసారి బిగించండి. కొత్త కారైతే, తీగలు కోయడానికి ముందే వారంటీ షరతులు చదువుకోండి. అన్నింటికీ మించి, పని జరిగేటప్పుడు దగ్గర ఉండండి. గాలి ఆడుతున్నదా, నీరు చేరుతుందా, ఫ్యూజు ఎక్కడున్నది అనే మూడు ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

మా కారులో ఇప్పుడు ఆ పెట్టె డిక్కీ ఎడమ పక్కగోడకు, పలకమీద ఉన్నది. మా అమ్మ నేటికీ ఆ ముందుసీటులోనే కూర్చుని పాటలు వింటుంది. ఆమె సీటు క్రింద ఇప్పుడు ఏ తీగా లేదు.