రకారపు సొమ్ములు

అక్షరమునకు రూపము వేఱు, అలంకారము వేఱు అని మనమనుకొందుము. మన రకారము చరిత్ర చూచినచో ఆ మాట నిలువదు.

క్రీ.పూ. 3వ శతాబ్దమున, అశోకుని శాసనములలో, రకారము ఒక్క నిలువుగీఁత. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల యేలుబడిలో, జగ్గయ్యపేటయందును నాగార్జునకొండయందును, చెక్కువారు ఆ గీఁతను క్రిందికి సాగఁదీసి కొనను తీఁగెవలె వంచిరి. అకార కకారములకును అదే సింగారము. చదువుటకు దానితోఁ బనిలేదు. అది కేవలము సొమ్ము. తరువాతి శతాబ్దములలో ఆ వంపు ఎడమవైపునఁ బైకెక్కి రెండవ నిలువుగీఁత యయ్యెను. తుదకు మొదటిదానితోఁ గలిసి గుండ్రనయ్యెను. సొమ్మే శరీరమైనది! తలకట్టును తొలుత గీఁత మొదట నుంచిన చిన్న గుర్తే. నేఁడు తలకట్టులేని రకారమును ఏ పంతులును ఒప్పఁడు, నేనును ఒప్పలేదు.

మా పిఠాపురమున కుంతీమాధవస్వామి కోవెల స్తంభముపై, పృథ్వీశ్వరుని కాలమున, 1186లోఁ జెక్కిన శాసనమున్నది. అప్పటికి రకారము గుండ్రనిదే.

సంవత్సరము చెక్కని శాసనమునకు ఈ వంపులే జాతకచక్రము; వీనింబట్టియే పండితులు కాలమును నిర్ణయింతురు. సున్నపుఁబూఁత మొదటఁ బూడ్చునదియు ఈ సన్నని కొసలనే. కావున మీ యూరి గుడికి వెల్లవేయించునపుడు అక్షరములున్న ఱాతిని విడిచిపెట్టింపుఁడు.