మూత్రపిండాలలో రాళ్ళు: పెరుగు మానవలెనా?

సింగపూరులోని పురుష కార్మికులకు మూత్రంలో రాళ్ళు ఏర్పడటాన్ని గూర్చి 1992లో ఒక వైద్యపత్రికలో చిన్న పరిశోధనా వ్యాసం వెలువడింది. అందులో 406 మందిని పరిశీలించారు. వారిలో గ్రానైటు క్వారీలలో పనిచేసేవారు, ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగులు, ఆసుపత్రిలో నీడపట్టున పనిచేసే సిబ్బంది ఉన్నారు. ఆరుబయట పనిచేసేవారిలో నూటికి 5.2 మందికి ఈ వ్యాధి కనబడగా, నీడలో పనిచేసేవారిలో నూటికి 0.85 మందికి మాత్రమే కనబడింది. రాళ్ళు పగలగొట్టేవారి కడుపులోనే రాళ్ళు పుట్టడం విధివిలాసమనిపించవచ్చు గాని, దానికి కారణం రాతిపొడి కాదు. చెమటగా పోయిన నీటికి సరిపడా నీరు తిరిగి త్రాగకపోవడమే.

భూమధ్యరేఖకు ఒక డిగ్రీకి కొంచెం పైన ఉన్న ఈ ద్వీపంలో ఏడాది పొడవునా ఉక్కపోతే. జురాంగ్, తువాస్ ప్రాంతాల ఓడల కర్మాగారాలలోను, నిర్మాణ స్థలాలలోను శ్రమించే తెలుగు యువకులకు ఈ ప్రమాదం ప్రత్యక్షమైనది. ఎ.సి. గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న ఇంజనీరుకు అది మరో దారిన వస్తుంది. ఆ చల్లదనంలో దాహమే తెలియదు.

చిక్కని పాకంలో పటికబెల్లం పలుకులు కట్టినట్లే, చిక్కబడిన మూత్రంలో లవణాలు స్ఫటికాలుగా విడివడతాయి. ప్రతి ఐదు రాళ్ళలో సుమారు నాలుగు కాల్షియం రాళ్ళే. వాటిలో అధికభాగం కాల్షియం ఆక్సలేట్, కొన్ని కాల్షియం ఫాస్ఫేట్. మూత్రంలో సహజంగా ఉండే సిట్రేట్ అనే పదార్థం కాల్షియంను తనతో బంధించుకొని ఈ స్ఫటికాలను కొంతవరకు అడ్డుకుంటుంది. మూత్రపిండపు లోపలి మొనలపై పేరుకొనే కాల్షియం పొరలే అనేక రాళ్ళకు పునాది అని అమెరికన్ వైద్యుడు అలెగ్జాండర్ రాండల్ 1937లో వివరించాడు.

రాయి మూత్రపిండంలో కదలక ఉన్నంతకాలం రోగికి ఏమీ తెలియకపోవచ్చు. అది మూత్రనాళంలోకి జారినప్పుడు నడుము ప్రక్కన మొదలైన నొప్పి గజ్జల వరకు పాకుతుంది; అలలు అలలుగా వచ్చి మనిషిని ఒకచోట నిలువనీయదు. వాంతులు, మూత్రంలో ఎరుపు తోడు కావచ్చు. ఈ నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినట్లయితే, అడ్డుపడిన రాయి వెనుక చీము చేరుతున్నదేమోనని అనుమానించాలి. అప్పుడు ఒక్క రాత్రి జాగు చేసినా మూత్రపిండానికే గాక ప్రాణానికీ ముప్పు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఇక్కడ అంబులెన్సు నెంబరు 995.

రాయిని నిర్ధారించడానికి సి.టి. స్కాన్ అన్నింటికంటె నమ్మదగినది. గర్భిణులకు, పిల్లలకు ముందుగా అల్ట్రాసౌండ్ చేస్తారు. 5 మిల్లీమీటర్లలోపు రాళ్ళు చాలావరకు వాటంతట అవే బయటపడతాయి. పెద్దవాటిని 1980లో మ్యూనిక్‌లో తొలిసారి ప్రయోగించిన శబ్దతరంగాల పద్ధతిలోనో, లేజరుతోనో పగులగొడతారు.

రాయి పోగానే కథ ముగిసిందనుకొనేవారే ఎక్కువ. కాని ఒకసారి రాయి వచ్చినవారిలో మూడోవంతు నుండి సగం మందికి పదేళ్ళలోపు మళ్ళీ వస్తుంది. అందుచేత మూత్రాన్ని వడకట్టి ఆ రాతిని దొరకబుచ్చుకొని పరీక్షకు పంపడం తొలి మెట్టు. రక్తంలో కాల్షియం అధికంగా ఉంటే పారాథైరాయిడ్ గ్రంథిని శంకించాలి. దోషం అక్కడుంటే శస్త్రచికిత్సతో మూలమే తొలగుతుంది. మరల మరల రాళ్ళు వచ్చేవారు 24 గంటల మూత్రాన్ని సేకరించి ఇవ్వవలసి ఉంటుంది. ఆ ఒక్కరోజు పథ్యం పాటించి డాక్టరును మెప్పించాలనుకోవడం వలన నష్టం తమకే. రోజూ తినేది తిన్నప్పుడే దోషం బయటపడుతుంది.

ఇక పెరుగు సంగతి. రాయి కాల్షియంది గనుక పాలు, పెరుగు మానమని పెద్దలు చెబుతారు. ఒకప్పుడు వైద్యులూ అదే చెప్పారు. తర్కం బాగానే ఉన్నది. నిజం మాత్రం దానికి ఎదురు. 1993లో 45,000 మందికి పైగా అమెరికన్ పురుషులపై వెలువడిన అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకొనేవారికే రాళ్ళు తక్కువగా వచ్చినట్లు తేలింది. 2002లో ఇటలీ వైద్యులు మరింత గట్టి ఋజువు చూపారు. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయే 120 మంది రోగులలో సగం మందికి కాల్షియం తగ్గించిన ఆహారం, మిగిలిన సగం మందికి కాల్షియం తగ్గించకుండా ఉప్పు, మాంసం తగ్గించిన ఆహారం సూచించారు. ఐదేళ్ళలో మొదటి 60 మందిలో 23 మందికి, రెండవ 60 మందిలో 12 మందికి మాత్రమే రాళ్ళు తిరిగి వచ్చాయి.

కారణం ప్రేగులలో ఉన్నది. భోజనంలోని కాల్షియం, ఆకుకూరలలోని ఆక్సలేట్‌తో అక్కడే కలిసి మలంతో పోతుంది. పాలు, పెరుగు మానితే ఆ ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి, అక్కడినుండి మూత్రంలోకి చేరుతుంది. కాబట్టి టెక్కా మార్కెట్టులో పాలకూర కట్ట కొన్న గృహిణి ఇంట పెరుగు తప్పక ఉండాలి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్, బాదంపప్పు మితంగా తినవలసినవే. పాలకూరను ఉడికించి ఆ నీటిని పారబోస్తే ఆక్సలేట్ కొంత తగ్గుతుంది. పాపం, టమాటాకు మాత్రం దాని దోషానికి మించిన అపకీర్తి వచ్చింది. కాల్షియం మాత్రల విషయం వేరు: అవి డాక్టరు సలహాపై, భోజనంతోనే వేసుకోవాలి.

పెరుగును నిందించేవారు ఉప్పును మాత్రం మరుస్తారు. ఒంట్లో అధికమైన సోడియం మూత్రంలో పోతూ కాల్షియంను కూడా వెంట తీసుకొనిపోతుంది. 2022 నాటి జాతీయ సర్వేలో సింగపూరు వాసులు రోజుకు సగటున 3,620 మిల్లీగ్రాముల సోడియం తింటున్నారని తేలింది. అంటే సుమారు 9 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. హాకర్ సెంటరులో నూడిల్స్ పులుసును చివరి చుక్కదాకా త్రాగి, ఇంటికి వచ్చి ఆవకాయ కలుపుకొనేవారి లెక్క ఎంతవుతుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

నీటి విలువను 1996లో ఇటలీలోనే తూచి చూపారు. తొలిసారి రాయి వచ్చిన 199 మందిలో నీరు ఎక్కువగా త్రాగినవారికి ఐదేళ్ళలో నూటికి 12 మందికి, త్రాగనివారిలో 27 మందికి రాళ్ళు తిరిగివచ్చాయి. రోజుకు రెండు నుండి రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. అందుకు ఎంత త్రాగాలన్నది చెమటను బట్టి ఉంటుంది. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే చాలినట్లే. గుండె, మూత్రపిండాలు బలహీనమైనవారు మాత్రం డాక్టరును అడిగి త్రాగాలి. నిమ్మరసంలోని సిట్రేట్ మేలుచేస్తుంది, ఉప్పు వేయనంతవరకు. 2023లో సింగపూరు ప్రభుత్వం ఎండలో పనిచేసేవారు గంటగంటకూ నీరు త్రాగేలా చూడాలనీ, వేడి, తేమ, ఎండలను కలిపి లెక్కించే సూచిక 32 డిగ్రీలకు చేరితే కాయకష్టం చేసేవారికి గంటకు 10 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలనీ నిర్దేశించింది.

కొండపిండి ఆకు కషాయం, ఉలవచారు రాయిని కరిగిస్తాయన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉన్నది. ఉలవచారు రుచికి వంకపెట్టగలవారు లేరు. అయితే యూరిక్ ఆమ్లపు రాయిని మందుతో కరిగించవచ్చు గాని, ఏర్పడిన కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఇంతవరకు లేదు. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్లు కాదు; అది నాళంలో ఇరుక్కొని ఉండగా పై మూత్రపిండం నెలల తరబడి చప్పుడు లేకుండా పాడుకావచ్చు. కషాయం త్రాగినవారైనా, త్రాగనివారైనా, రాయి కంటబడకపోతే కొన్ని వారాలలో మరల స్కాన్ తీయించుకోవలసిందే.