నెల్లూరు తీరంలో ఏ కాలానికి ఏ తిండి? అపోహలు – వాస్తవాలు

జూన్ వచ్చిందంటే చాలు, ‘వానాకాలంలో ఇవి తినకండి’ అన్న పట్టికలు ఫోన్లలో చేతులు మారుతుంటాయి. ఆకుకూరలు వద్దు, చేపలు వద్దు అని వాటి సారాంశం. నెల్లూరులో అప్పటికి ఎండ తీవ్రత పోయి ఉండదు, మైపాడు తీరంలో ఉక్కపోతా తగ్గి ఉండదు. కాలాన్ని బట్టి తినమన్న పెద్దల మాట మంచిదే. కాకపోతే ఆ కాలం మన ఊరిదై ఉండాలి.

అపోహ: వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు.

వాస్తవం: నెల్లూరులో ఏడాదంతా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు తెచ్చే వాన అది. 2015 నవంబరులోనూ, పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగిన 2021 నవంబరులోనూ జిల్లా వరదలో మునిగింది. ఆకుకూరలను ఒకటికి రెండుసార్లు కడగాల్సిందీ, నీళ్లు కాచి తాగాల్సిందీ ముఖ్యంగా ఆ నెలల్లోనే. జూన్, జూలైలలో గోంగూర, తోటకూర మానాల్సిన పని లేదు.

వరి లెక్కా అంతే. ఇక్కడి ప్రధాన పంటకు నాట్లు ఈ ఈశాన్య వానలతోనే పడతాయి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కొత్త బియ్యం వండుతుంటే, పెన్నా డెల్టాలో చాలా పొలాలు ఇంకా పచ్చగానే ఉంటాయి. కోతలు ముమ్మరమయ్యేది మార్చి, ఏప్రిల్‌లలో. ఆ తర్వాత సోమశిల జలాశయంలో నీళ్లుంటే ఎడగారు అనే రెండో పంట.

అపోహ: వేట నిషేధం ఉన్నన్నాళ్లూ నెల్లూరుకు చేప లేదు.

వాస్తవం: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకోవడానికి ఇచ్చిన గడువది. మోటారు లేని సంప్రదాయ పడవలకు ఆ నిషేధం వర్తించదు. పైగా అదే సమయంలో ఊరి చెరువులు అడుగంటి కొరమీను, బొమ్మిడాయిలు వలకు దొరుకుతాయి. పుల్ల మామిడికాయ కూడా అప్పుడే వస్తుంది. నెల్లూరు చేపల పులుసులో మామిడి ముక్క పడడానికి ఇంతకంటే అనువైన వేళ లేదు. సముద్రం బాగా పండిన నెలల్లో ఉప్పు పట్టించి ఎండబెట్టిన నెత్తళ్లు, సావిడాయిలు కూడా ఈ రెండు నెలలూ ఆదుకుంటాయి.

అపోహ: ఎండాకాలంలో చేప తింటే వేడి చేస్తుంది.

వాస్తవం: చేప తిన్నందుకు ఒంట్లో జ్వరంలా వేడి పుట్టదు. ఎండలో అసలు ప్రమాదం చేప పాడవడం. కానాగంతల వంటి చేపలను ఐసు లేకుండా ఉంచితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. దద్దుర్లు, తలనొప్పి, వాంతులు దాని వల్లే. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే కండ తిరిగి లేవాలి. ఏ నెలలోనైనా చూడాల్సింది ఇదే.

అపోహ: నిమ్మ వేసవి పంట.

వాస్తవం: పొదలకూరు, గూడూరు నిమ్మకు పేరున్న మార్కెట్లు. జనవరి, ఫిబ్రవరి పూత కాయలై జూన్, జూలైలో విరగకాస్తుంది. వేసవిలో కాయ కావాలంటే ముందటి సెప్టెంబరు, అక్టోబరులో పూత రావాలి. అందుకు చెట్టును కొన్నాళ్లు నీరు పెట్టకుండా ఎండగట్టాలి. ఇక్కడ వాన దంచే రోజులు ఆ వెంటే వస్తాయి కనుక అది అన్నిసార్లూ కుదరదు. గిరాకీ పెరిగే ఏప్రిల్‌లో ధర మండిపోవడానికి ఇదో కారణం. 2022 ఏప్రిల్‌లో దేశంలోని చాలా నగరాల్లో కిలో 200 రూపాయలు దాటింది. ఊరగాయకు కొనేవాళ్లు జూలై దాకా ఆగితే డబ్బు మిగులుతుంది, రైతు దగ్గర సరుకూ కదులుతుంది.

అపోహ: తాటిచెట్టు ఇచ్చేది వేసవి ముంజలే.

వాస్తవం: ముంజలు ఏప్రిల్, మేలలో. ఆగస్టు ప్రాంతంలో పండ్లు రాలతాయి. వాటి టెంకలను పాతరేస్తే చలికాలానికి తేగలు. తీరం వెంట ఇసుక నేలల్లో ఎరువూ మందూ అడగకుండా మూడు కాలాల తిండి పెట్టే చెట్టు ఇది.

ఎక్కడో తయారైన పట్టికలను పక్కన పెట్టి, చేపలమ్మే అమ్మను, కూరగాయల బండి అన్నను ‘ఇది ఎక్కడిది, ఎప్పుడు పట్టింది, ఎప్పుడు కోసింది’ అని అడగండి. వేట నిషేధం రోజుల్లో సముద్రపు చేపే కావాలని పట్టుబట్టకుండా చెరువు చేప కొనండి. జూన్ 15 తర్వాత తీరానికి వచ్చే చేప ఆ రెండు నెలల ఓపిక మీదే ఆధారపడి ఉంది.