భట్టీ బిస్కెట్టు... ఫ్రీజర్‌లో పిండి!

మైదా, చక్కెర, డాల్డా డబ్బాలకెత్తుకుని బేకరీకి వెళ్లడం, కిలోకింతని కూలిచ్చి బిస్కెట్లు కాల్పించుకోవడం... గౌలిపుర లాంటి పాతబస్తీ వాడల్లో పాత ముచ్చటే. సరుకు మనదే, కూలి ఒక్కటే ఖర్చు. చిక్కల్లా, డబ్బా నిండుగా కనిపిస్తే పిల్లలు రెండ్రోజుల్లో ఖాళీ చేసేస్తారు!

అందుకే పిండినే దాచుకుంటే సరి. 100 గ్రాముల చక్కెర పొడి, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి కలిపి అప్పడాల కర్రలా చుట్టాలి. గాలి చొరకుండా కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే మూడు నెలలు బేఫికర్. చుట్టాలొచ్చినప్పుడు బిళ్లలుగా కోసి, ఓవెన్‌లో 170 డిగ్రీల వద్ద పావుగంటకు కాస్త పైగా కాలిస్తే చాయ్‌లోకి సిద్ధం. నాలుగు బిళ్లల కోసం ఓవెన్ పెడితే మాత్రం మిగిలిందంతా కరెంటు బిల్లుకే! ట్రే నింపాల్సిందే. పచ్చి మైదాలోనూ సూక్ష్మక్రిములుండొచ్చు కాబట్టి పిండి పిల్లల నోటికి అందనివ్వొద్దు. కరెంటు పోయి మెత్తబడితే ఆ రోజే కాల్చేయాలి.