యూనివర్సిటీ స్విమ్మింగ్ పూల్ పాతబడితే అసలు ఏం పాడవుతుంది? టైల్స్ మారిస్తే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్‌లో అమెరికా యూనివర్సిటీల్లో ఉన్న పాత స్విమ్మింగ్ పూల్స్ గురించి మాట్లాడుకుందాం. "అక్కడెక్కడో ఉన్న పూల్‌తో మనకేం పని" అనిపించొచ్చు. పని ఉంది. మన తెలుగు పిల్లలు వేల మంది అక్కడ చదువుతున్నారు. చాలా క్యాంపస్‌లలో జిమ్, పూల్ కోసం కట్టే డబ్బు ఫీజులోనే కలిసి ఉంటుంది. ఇంకో విషయం, వీకెండ్‌కి లేక్ దగ్గరికి వెళ్లి మునిగిపోయిన మన స్టూడెంట్స్ వార్తలు మీరూ చదివే ఉంటారు. ఈత రాకుండా విమానం ఎక్కినవాళ్లకి, నేర్చుకోవడానికి దగ్గరగా, తక్కువ ఖర్చులో దొరికేది క్యాంపస్ పూలే. అది మూతపడితే ఆ అవకాశం కూడా పోయినట్టే.

సరే, అసలు విషయంలోకి వెళ్దాం. పూల్ పాతబడింది అనగానే మనకి గుర్తొచ్చేది పగిలిన టైల్స్, ఊడిన రంగు. నిజానికి అవి చిన్న సమస్యలు. పెద్ద సమస్యలు మూడు చోట్ల ఉంటాయి: నీళ్లలో, గాలిలో, పైకప్పులో.

ముందు నీళ్లు

చిన్న లెక్క వేద్దాం. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 25 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. ఈ నీళ్లన్నీ సుమారు 6 గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరిగి రావాలి అనుకుంటే, పంపులు గంటకి 4 లక్షల లీటర్లకి పైగా తోడాలి. రాత్రీ పగలూ, పండగలకి కూడా ఆగకుండా. పైపుల్లో తుప్పు పట్టి, పంపు అరిగిపోయి ఈ వేగం తగ్గితే నీళ్లు మసకబారతాయి, క్లోరిన్ అన్ని మూలలకీ సమానంగా అందదు.

ఇక లీకేజీ. ఇదే పూల్‌లో నీటిమట్టం లీకు వల్ల రోజుకి ఒక్క సెంటీమీటరు దిగిందనుకోండి. చూస్తే తెలియను కూడా తెలియదు. కానీ అది 12,500 లీటర్లు. అదీ మామూలు నీళ్లు కాదు, వేడి చేసి, మందు కలిపిన నీళ్లు. అంటే డబ్బు రోజూ నేలలోకి ఇంకిపోతున్నట్టే.

ఆ ఘాటు వాసన ఎక్కడిది?

ఇండోర్ పూల్ తలుపు తీయగానే గుప్పుమని వాసన వస్తుంది కదా. "అబ్బ, క్లోరిన్ బాగా వేశారు, నీళ్లు క్లీన్‌గా ఉన్నాయి" అనుకుంటాం. తప్పు. మన చెమట, మూత్రం, ఒంటి మీది క్రీములతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు అనే పదార్థాలు తయారవుతాయి. ఆ వాసన వాటిది. కళ్లు మండేది, దగ్గు వచ్చేది కూడా ఎక్కువగా వాటివల్లే. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇంకా కష్టం.

ఈ గాలిని బయటికి పంపి తాజా గాలి లోపలికి తేవడం వెంటిలేషన్ సిస్టమ్ పని. చలి దేశంలో బయటి గాలిని వేడి చేయాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని పాత బిల్డింగుల్లో లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంటారు. క్లోరమైన్లు సరిగ్గా నీటి పైన, ఈత కొట్టేవాళ్లు ఊపిరి తీసుకునే ఎత్తులోనే పేరుకుంటాయి.

పైకప్పు సంగతి

అదే తడి గాలి పైకి వెళ్లి ఇనుము మీద, స్టీలు మీద పని మొదలుపెడుతుంది. స్విట్జర్లాండ్‌లో ఊస్టర్ అనే ఊళ్లో 1985 మే 9న ఒక ఇండోర్ పూల్ కాంక్రీటు సీలింగ్ కూలిపోయి 12 మంది చనిపోయారు. అది 1972లో తెరిచిన పూల్, అంటే అప్పటికి 13 ఏళ్లే. సీలింగ్‌ను పట్టుకుని ఉన్నవి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు. "స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదు కదా?" అని మీరు అడగొచ్చు. పూల్ గాలిలో ఉండే క్లోరైడ్ల వల్ల, బరువు మోస్తున్న కడ్డీలో సన్నటి పగుళ్లు పుడతాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల తెగిపోతుంటుంది. అందుకే 50, 60 ఏళ్ల పూల్ విషయంలో సీలింగ్ విప్పి, ఇంజినీర్లతో పరీక్ష చేయించకుండా "బాగానే ఉంది" అని చెప్పడం కుదరదు.

అప్పట్లో లేని రూల్స్

పాత పూల్స్ కట్టినప్పుడు లేని చట్టాలు ఇప్పుడున్నాయి. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే 7 ఏళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్ లాగేయడంతో నీళ్లలో చిక్కుకుని చనిపోయింది. ఆ పాప పేరు మీదే 2007లో చట్టం వచ్చింది. పబ్లిక్ పూల్స్‌లో మనిషిని లాగేయని డ్రెయిన్ మూతలు తప్పనిసరి చేశారు. అలాగే వికలాంగుల హక్కుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాల ప్రకారం, చుట్టుకొలత 300 అడుగులు దాటిన పూల్‌కి వికలాంగులు దిగగలిగే దారులు రెండు ఉండాలి. వాటిలో ఒకటి లిఫ్ట్ గానీ వాలు దారి గానీ అయ్యుండాలి. నిచ్చెన మెట్లు మాత్రమే ఉన్న పూల్ అంటే, వీల్‌చెయిర్‌లో ఉన్న స్టూడెంట్‌ని గుమ్మం దగ్గరే ఆపేయడం.

రెండు యూనివర్సిటీలు, రెండు దారులు

ఎం.ఐ.టి.లో 1940 నాటి అలమ్నై పూల్ ఉంది. అక్కడ డిగ్రీ చేసేవాళ్లకి ఈత పరీక్ష ఉంటుంది, కాబట్టి పూల్‌ని పక్కన పెట్టే వీల్లేదు. 2002లో 50 మీటర్ల కొత్త పూల్‌తో జెసిగర్ సెంటర్ తెరిచారు.

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఇంకోలా జరిగింది. అక్కడి ఐ.ఎం. వెస్ట్ బిల్డింగ్ 1958 నాటిది. 2020 అక్టోబరులో స్విమ్మింగ్, డైవింగ్ టీమ్‌లని తీసేస్తున్నామని ప్రకటించారు. డబ్బు ఇబ్బందితో పాటు, పోటీలకి తగ్గ పూల్ లేకపోవడాన్ని కూడా కారణంగా చూపించారు. అమ్మాయిలు 2021లో టైటిల్ నైన్ అనే చట్టం కింద కోర్టుకెళ్లి పోరాడారు. కేసు చివరికి సెటిల్ అయింది గానీ టీమ్ మాత్రం తిరిగి రాలేదు. పూల్‌ని బాగు చేయాల్సింది యాజమాన్యం, చేయలేదని నష్టపోయింది పిల్లలు.

మరి ఏ పని ముందు చేయాలి?

ఇంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఈత కొట్టని స్టూడెంట్ ఎందుకు కట్టాలన్నది కూడా. అందుకే వరుస ముఖ్యం. మొదట పైకప్పు, గాలి. తర్వాత పైపులు, పంపులు, ఫిల్టర్లు. ఆ తర్వాత డ్రెయిన్లు, లిఫ్ట్. టైల్స్, రంగులు, లైటింగ్ అన్నిటికన్నా చివర. ఫొటోలో బాగా పడేవి చివరివే కాబట్టి చాలాచోట్ల అవే ముందు చేయాలనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్టు తయారవుతుంది.

ఖర్చులో కొంత తిరిగి కూడా వస్తుంది. పూల్ వేడి ఎక్కువగా ఆవిరి రూపంలోనే పోతుంది. రాత్రిపూట కవర్ కప్పడం, బయటికి పోయే గాలి నుంచి వేడిని రాబట్టుకోవడం, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే పంపులు పెట్టడం వల్ల నెలనెలా బిల్లు తగ్గుతుంది.

మీ క్యాంపస్‌లో పూల్ ఉంటే ఈసారి వెళ్లినప్పుడు మూడు చూడండి. లోపలికి వెళ్లగానే కళ్లు మండుతున్నాయా? లోతు వైపు అడుగున డ్రెయిన్ స్పష్టంగా కనిపిస్తోందా? సీలింగ్ మీద తుప్పు మరకలు ఉన్నాయా? తేడాగా అనిపిస్తే ఫొటో తీసి, సీలింగ్ ఆఖరిసారి ఎప్పుడు చెక్ చేశారో మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. మీ వంతుగా, నీళ్లలో దిగేముందు ఒక్క నిమిషం షవర్ చేయండి. క్లోరమైన్లు తగ్గడానికి అది కూడా పనికొస్తుంది.

మీ కాలేజీ పూల్ ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి. ఈత ఇంకా రాని ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపించి, ఈ సెమిస్టర్‌లోనే నేర్చుకోమని చెప్పండి. ఉంటాను మరి, నమస్తే.