శాంపిళ్లు నిలువుగానే ఎందుకు పోయాలి?

శేషాచలం కొండల ఎర్రచందనం చెట్లలో ఏది దేనికి చుట్టమో తేల్చాలంటే ఆకుల్లోని డీఎన్ఏను చూడాలి. ఆ శాంపిళ్లను 96 గుంటల ప్లేటులో పోస్తారు: ఏ నుంచి హెచ్ దాకా 8 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలు. మనం చదివే తీరున ఎడమ నుంచి కుడికి పోస్తే ఏం? 8 క్యాపిల్లరీలు (సన్నని గొట్టాలు) ఉన్న డీఎన్ఏ విశ్లేషణ యంత్రం ఒక్కో విడతకు ఒక నిలువు వరుసనే అందుకుంటుంది. ఎనిమిది శాంపిళ్లను అడ్డంగా పోస్తే దాన్ని ఎనిమిదిసార్లు నడపాలి. నిలువుగా పోస్తే ఒక్కసారి చాలు!

ఆరే శాంపిళ్లుంటే? మిగిలిన రెండు గుంటలనూ ఖాళీగా వదలకూడదు. వెంట్రుకంత సన్నని ఆ గొట్టాల్లోకి గాలి చొరబడితే అవి పాడవుతాయి. అందుకే వాటిలో ఫార్మమైడ్ అనే ద్రవం పోస్తారు. అది హానికరం, గ్లౌజులు లేకుండా ముట్టకండి.

గుంట అడుగున బుడగ చిక్కినా గొట్టానికి శాంపిల్ సరిగా అందదు. అందుకే ప్లేటును సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పాకే యంత్రంలో పెడతారు.