జమునారాణి గొంతులోని చిలిపితనం

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరాయి. బళ్లారి ఇళ్లలో తెలుగు పాట మాత్రం ఆగలేదు. మా వీధిలో గాయని సుశీలమ్మ పేరు తెలియనివారు లేరు. ఆమెలాగే పాటలు పాడిన కె.జమునారాణి అంటే మాత్రం "ఎవరామె?" అంటారు. పాట వినిపిస్తే వెంటనే గొంతు కలుపుతారు!

నాగయ్యగారి ‘త్యాగయ్య’ (1946)తో చిన్నపిల్లగానే సినిమాల్లో పాడడం మొదలుపెట్టారామె. 1961లో తమిళ ‘కుముదం’లో, మరుసటేడు దాని తెలుగు రూపం ‘మంచి మనసులు’లో ‘మామా మామా’ పాడింది ఆమే. రెండింటికీ ఆదుర్తి దర్శకుడు, మహదేవన్ సంగీతం. అక్కడ సౌందరరాజన్, ఇక్కడ ఘంటసాల జోడీ. ఘంటసాలగారి నిండు గొంతు పక్కన ఈమె మాట విరుపు వినండి: పదం చివర చిన్న కుదుపు, ఓ కవ్వింపు, ఆ వెంటనే తాళంలోకి దూకడం. నా దృష్టిలో ఆ పాటకు ప్రాణం అదే.

అప్పటి 78 ఆర్పీఎం లక్క రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు పాటే. అంతలోనే గొంతుతో పాత్రను కళ్లకు కట్టాలి. చాలా ఏళ్ల తర్వాత, 1987లో తమిళ ‘నాయకన్’లో పాతకాలపు బాణీ పాటకు ఇళయరాజా ఈమెను, ఎం.ఎస్.రాజేశ్వరిని పిలిపించారు.

మీ అటక మీద ఆమె రికార్డు ఉంటే పాతసామాన్లకు వేయకండి. దుమ్ము తుడిచి, నిలువుగా పెట్టి, తెలిసినవారి చేత డిజిటల్‌లోకి ఎక్కించండి.